పట్టేసిన ఇంజను

ముందు వాసన వచ్చింది.

టార్పాలిన్ ఇంకా సగం కూడా లేవలేదు. చెమ్మ వాసన. ఎలకల వాసన. పెట్రోలు పాతబడి, చెడి, జిగురైపోయిన వాసన. వాటన్నిటి అడుగున ఎక్కడో... ఎండలో నిలబెట్టిన కారు తలుపు తీస్తే ముఖాన కొట్టే రెగ్జిన్ సీట్ల వాసన.

అది ఇంకా పోలేదు.

జ్ఞానప్రసూనాంబ ముక్కు మూసుకోలేదు.

గేటు దగ్గర పాత ఇనుము కొనేవాళ్ళ ట్రాలీ ఆటో ఆగి ఉంది. ఇద్దరు మనుషులు కారు బంపరుకి గొలుసు తగిలిస్తున్నారు. వాళ్ళని పిలిపించింది ఆమె భర్త రామ్మూర్తి. ఆమెతో ఒక్క మాటైనా అనలేదు. కూరగాయల సంచితో ఆమె గేటు తీసుకుని వచ్చేసరికి షెడ్డు ముందు ఈ సందడి.

"అది నా కారు. గొలుసు తియ్యండి" అంది.

వాళ్ళు రామ్మూర్తి ముఖం వంక చూశారు.

కోపం అక్కడ మొదలైంది. కారు నాదని నేను చెబితే, వీళ్ళు ఆయన ముఖం చూడటం.

"అది కారేమిటి ప్రసూనా, ఇనుము" అన్నాడాయన వరండాలోంచి. "ఇంజను ఎప్పుడో పట్టేసింది. తీసేస్తే షెడ్డయినా ఖాళీ అవుతుంది."

"ఇనుమైనా నాదే."

గొలుసు తీశారు. ట్రాలీ వెళ్ళిపోయింది. గుణదల కొండ మీద తొలకరి మబ్బు కమ్ముతోంది. ఆమె సంచి కింద పెట్టి, టార్పాలిన్ మిగతా సగం కూడా లాగేసింది.

లేత నీలం ఫియట్. ఉతికి ఉతికి వెలిసిన స్కూలు యూనిఫాం రంగు. నాలుగు టైర్లూ నేలకి అతుక్కుపోయాయి. ముందద్దం మీద రెండు వైపర్లు... సగం దూరం పోయి ఆగినవి ఆగినట్టే ఉన్నాయి.

ఆ రోజు ఎక్కడ ఆగాయో అక్కడే.

*

ఆ కారు ఆమె కొనుక్కుంది. తన జీతంతో. ఆడపిల్లల కాలేజీలో ఫిజిక్స్ చెప్పే రోజుల్లో, గవర్నర్‌పేటలో ఒక డాక్టరు గారు పెద్ద కారు తీసుకుంటూ దీన్ని అమ్మేస్తుంటే వెళ్ళి మాట్లాడుకుంది. వాళ్ళ వీధిలో కారు నడిపే ఆడమనిషి అప్పట్లో ఆమె ఒక్కతే. గేరు స్టీరింగు పక్కనే ఉండేది. గేరు మార్చినప్పుడల్లా గాజులు తగిలి మోగేవి.

ఆదివారం వస్తే పామర్రు.

పామర్రులో అమ్మ ఉండేది. మేడ మీద రెండు గదులు అద్దెకి తీసుకుని, పిల్లలకి హిందీ పరీక్షలకి చెప్పేది. మా ఇంటికి వచ్చేయమ్మా అంటే, నా పిల్లలకి పరీక్షలున్నాయి, రాను అనేది. ఏటా ఉండేవి పరీక్షలు. ఆదివారం మధ్యాహ్నం మాత్రం పుస్తకాలు మూసేసి, మంచి చీర కట్టుకుని కిందికి దిగేది. ముందు సీట్లోనే కూచునేది. అద్దం పూర్తిగా దించేసేది. కాలవ గట్టు మీద కారు ఆపుకుని ఇద్దరూ మొక్కజొన్న పొత్తులు తినేవాళ్ళు. కాలవ నిండా నీళ్ళు. గాలి. అమ్మ తల రేగిపోయేది. సర్దుకునేది కాదు.

అలాంటి ఒక ఆదివారం, తిరిగి వస్తుంటే వాన.

ఉయ్యూరు దగ్గర వైపర్లు ఆగిపోయాయి. అద్దం మీద నీళ్ళు తప్ప ఏమీ కనపడలేదు. ఆమె ఒక బడ్డీ కొట్టు ముందు ఆపింది. కొట్టతను పొగాకు కాడ ఇచ్చి, దీంతో అద్దం రుద్దండమ్మా, లారీవాళ్ళు ఇదే చేస్తారు అన్నాడు. రుద్దింది. నీళ్ళు బొట్లు కట్టకుండా జారిపోయాయి. నెమ్మదిగా, రోడ్డు అంచు పట్టుకుని, ఒక చెయ్యి బయట పెట్టి, ఇంటికి వచ్చేసింది.

మోచేతి దాకా తడిసిపోయి వచ్చింది. నవ్వుతూ వచ్చింది. ఆ సంగతి చెప్పాలని దారంతా ఉబలాటపడుతూ వచ్చింది.

రామ్మూర్తి గేటు దగ్గర నిలబడి ఉన్నాడు. విన్నాడు. నవ్వలేదు. అన్నం తిన్నాడు. పడుకున్నాడు.

మర్నాడు కారు అంటుకోలేదు.

రామ్మూర్తి కాలవల శాఖలో ఇంజనీరు. ఇంజన్ల సంగతి ఆయనకి తెలుసు. నువ్వు కాలేజీకి ఆటోలో వెళ్ళు, నేను చూపిస్తాను అన్నాడు. సాయంత్రానికి, మెకానిక్ వచ్చి చూశాడని చెప్పాడు. వానలో నీళ్ళు లోపలికి పోయి ఇంజను పట్టేసిందట. బాగుచేయించడం దండగట.

ఆమె నమ్మింది.

నమ్మడమే కాదు, తప్పు తనదే అనుకుంది. వైపర్లు లేకుండా వానలో నడిపింది తను కదా. ఆపుకుని, తగ్గాక రావలసింది కదా. చేతులారా పాడుచేసుకున్నాను అనుకుంది.

అలా అనుకోనిచ్చాడు ఆయన.

*

ఆ వానాకాలంలోనే ఒక మధ్యాహ్నం ఫోను. అమ్మ ఇంటి కింద వాటాలో ఉండే సీతారావమ్మ గారు. మీ అమ్మగారికి ఊపిరి అందడం లేదమ్మా, డాక్టరు కూర్చున్నాడు, నీ కోసం అడుగుతున్నారు, వెంటనే రా.

వాన. ఊరంతా వాన. అడిగిన టాక్సీ వాళ్ళు ఈ వానలో బందరు రోడ్డు మీదికి రామన్నారు. రామ్మూర్తి గొడుగు పట్టుకుని బస్టాండు దాకా వచ్చాడు. ఆమె చీర కుచ్చిళ్ళు తడవకుండా గొడుగు ఆమె వైపే వంచాడు. తను తడిశాడు. బస్సు ఎంతకీ రాలేదు. వచ్చిన బస్సు కంకిపాడు దాటాక ఆగిపోయింది. ఇంకో బస్సు కోసం చెట్టు కింద నిలబడ్డారు అందరూ.

ఆమె మేడ మెట్లు ఎక్కేసరికి అమ్మని నేల మీద పడుకోబెట్టేశారు.

ఇందాకటి దాకా తలుపు వంకే చూశారమ్మా, అంది సీతారావమ్మ గారు. కారు చప్పుడు వినపడుతుందేమో చూడమని నన్ను రెండు మాట్లు కిటికీ దగ్గరికి పంపించారు.

కారు చెడిపోయిన సంగతి అమ్మకి చెప్పలేదు ప్రసూన. ఆ మధ్య ఆదివారాలు, కాలేజీలో పరీక్షల పని ఉందని అబద్ధం చెప్పింది. బాగు చేయించాకే వెళ్దామనుకుంది.

ఆ తర్వాత ఆ షెడ్డు వైపు చూడలేదు. టార్పాలిన్ కప్పింది రామ్మూర్తి. అది ఎగరకుండా అంచుల మీద ఇటుకలు పెట్టింది రామ్మూర్తి.

*

ఇప్పుడు ఆమె రిటైరైంది. ఆయనా రిటైరై చాలా కాలమైంది. ఇనుము మనుషులు వెళ్ళిపోయిన మర్నాడు ఆమె ఆటోనగర్ వెళ్ళి శౌరయ్యని తీసుకొచ్చింది. పాత కార్ల పని చేస్తాడు. మాటకారి. వచ్చీ రాగానే, ఇది లేవదు మేడం, ఊరికే ఆశ పెట్టుకోకండి అన్నాడు. మళ్ళీ తనే చొక్కా విప్పి బానెట్ ఎత్తాడు.

నాలుగు ప్లగ్గులూ విప్పాడు. నాలుగు రంధ్రాల్లోనూ డీజిలు, ఇంజనాయిలు కలిపి పోశాడు. లోపల పిస్టన్లు గోడలకి అతుక్కుపోయాయి మేడం, ఇది మెల్లగా దిగాలి, నానాలి అన్నాడు. కింద పుల్లీ నట్టుకి పొడుగు కాడ పానా తగిలించి, రోజూ కాస్త కదిపి చూడమని చెప్పి వెళ్ళాడు.

రోజూ లాగింది.

పొద్దున్నే కొంగు బిగించుకుని, నేల మీద గోనెసంచి పరుచుకుని, పానా పట్టుకుని లాగింది. కదల్లేదు. రాయి. బయట వాన వచ్చేది, పోయేది. రేకుల మీద చప్పుడు. కాలవలకి నీళ్ళు వదిలారు. ఆమె లాగింది. దేని మీద ఆ కోపమో ఆమెకే తెలియదు. తుప్పు మీద అనుకుంది. వయసు మీద అనుకుంది. ఆ బస్సు మీద, ఆ టాక్సీల మీద, ఆ ఆదివారం వాన మీద, తన మీద... తన మీదే ఎక్కువ.

"కోపంగా లాగకండి మేడం" అన్నాడు శౌరయ్య ఒకసారి చూసి. "లోపల రింగులు విరుగుతాయి. బతిమాలినట్టు లాగండి."

బతిమాలటం ఆమెకి వచ్చు. బతుకంతా వచ్చు. ఇక్కడ మాత్రం బతిమాలబుద్ధి కాలేదు.

రామ్మూర్తి షెడ్డు గడప దాటలేదు. వరండాలో పేపరు వెనక కూచుని, ఎందుకీ యాతన, నడుం పట్టేస్తుంది అనేవాడు. పాత ఇంజన్లు పేలతాయనేవాడు. శౌరయ్య దొంగలెక్కలు వేస్తాడనేవాడు. రోజుకొకటి.

ఒక ఉదయం, పానా కింద ఏదో... జారింది.

పానా జారిందనుకుంది. మళ్ళీ పట్టింది. మళ్ళీ లాగింది.

కదిలింది.

గోరంత. అంతే, గోరంత. లోపల ఎక్కడో పళ్ళు పటపటమన్నట్టు చిన్న చప్పుడు. నల్లటి నూనె ఒక రంధ్రంలోంచి ఉబికి వచ్చి ఆమె ముంజేతి మీద పడింది. ఆమె అలాగే నేల మీద కూలబడి ఊపిరి తీసుకుంది.

కదిలింది! అని అరవాలనిపించింది. ఎవరితో అరవాలి. వరండా వైపు చూసింది. పేపరు కదల్లేదు.

*

కొత్త బ్యాటరీ పెట్టాక ఇంజను గిర్రున తిరిగింది. తిరిగిందే గానీ అంటుకోలేదు. కరెంటు అందడం లేదన్నాడు శౌరయ్య. పక్కనున్న నల్లటి మూత విప్పాడు. ప్లగ్గులకి వెళ్ళే నాలుగు వైర్లూ ఆ మూతలోంచే బయల్దేరతాయి.

విప్పి, లోపలికి చూసి, తల గోక్కున్నాడు.

"రోటర్ లేదేంటి మేడం?"

బొటనవేలంత ముక్క అది. మూత కింద తిరుగుతూ ఒక్కో ప్లగ్గుకీ నిప్పు పంచుతుంది. అది లేకపోతే ఇంజను ఎంత తిరిగినా అంటుకోదు.

"విరిగిపోయి ఉంటుందా?" అంది.

"విరిగితే ముక్కలుంటాయిగా. ఎవరో శుభ్రంగా తీసి, మూత మళ్ళీ క్లిప్పులు పెట్టి బిగించారు. తమకి తెలీకుండా ఎవరూ కారు తియ్యకూడదనుకుంటే అదే చేస్తారండీ. మా గురువు గారు కూడా రోజూ సాయంత్రం తీసి జేబులో వేసుకునేవాడు, దొంగల భయానికి." నవ్వాడు. "ఆటోనగర్‌లో దొరుకుతుందిలెండి. రేపు తెస్తాను."

"ఇంజను... అప్పుడే పట్టేసి ఉంటుందా శౌరయ్యా? నేను ఆపేసిన రోజున?"

"ఎందుకు పట్టేస్తుందండీ నడిచే బండి? ఇన్నేళ్ళు నిలబెట్టేశారు, అందుకు పట్టేసింది."

అతను పానాలు సర్దుకుంటున్నాడు. ఆమె బానెట్ అంచు పట్టుకుని నిలబడిపోయింది.

ఆ సోమవారం పొద్దున తాళం తిప్పితే ఇంజను తిరిగింది. తిరిగింది కదా. ఆ చప్పుడు ఇప్పటికీ చెవుల్లో ఉంది. అంటుకోలేదంతే. పట్టేసిన ఇంజను తిరగదు. తిరిగిన ఇంజను పట్టేయలేదు. పిల్లలకి చలనం గురించి, ఘర్షణ గురించి పాఠం చెప్పే మనిషి... ఆయన చెప్పాడని, సాయంత్రానికి నమ్మేసింది.

అబద్ధం చెప్పాడు. టార్పాలిన్ కప్పాడు. అబద్ధం ఆ చీకట్లో కూచుని, కూచుని, నిజమైపోయింది.

*

రామ్మూర్తి పేపరు చదువుతున్నాడు. ఆమె వెళ్ళి ఎదురుగా నిలబడింది. చేతులకి నల్లటి నూనె.

"కారులో రోటర్ ఏదండీ?"

ఏ రోటర్, అని ఆయన అడగలేదు.

అడగకపోవడమే జవాబు.

పేపరు మడిచాడు. మళ్ళీ మడిచాడు. చిన్నదైపోయేదాకా మడిచాడు. తర్వాత చెప్పాడు. ఆ ఆదివారం గేటు దగ్గర చాలాసేపు నిలబడ్డాడట. వానలో ప్రతి దీపమూ ఆమె కారే అనుకున్నాడట. ఆమె వచ్చి నవ్వుతూ చెబుతుంటే ఒళ్ళు మండిందట. తను అంతసేపు చచ్చిపోతే, ఈమె పొగాకు రుద్దిన కథ చెప్పి నవ్వుతుందేమిటని. ఆమె నిద్రపోయాక వెళ్ళి తీసేశాడట. మెకానిక్ రాలేదు. ఎవరూ రాలేదు.

"రెండు రోజులాగి పెట్టేద్దామనుకున్నాను ప్రసూనా. నీకు కాస్త భయం తెలియాలని. రేపు రేపనుకుంటూ ఉండగానే మీ అమ్మగారు పోయారు. ఇంకెలా చెప్పను?"

"అమ్మ పోయిన రోజు అదెక్కడుంది?"

ఆయన పేపరు మళ్ళీ విప్పబోయాడు.

"ఎక్కడుంది?"

"షేవింగు డబ్బాలో."

షేవింగు డబ్బా. స్నానాల గదిలో, అద్దం కింద అరలో. ఆ మధ్యాహ్నం ఫోను పెట్టేసి ఆమె ముఖం కడుక్కున్న చోట. ఏడుస్తూ తువ్వాలు కోసం చెయ్యి చాపిన చోట. ఆమె చేతికి తగిలే ఉంటుంది ఆ డబ్బా.

"పెట్టడానికి ఎంతసేపు పట్టేది?"

"...రెండు నిమిషాలు."

ఇంజనీరు. లెక్క అడిగితే సరిగ్గానే చెబుతాడు.

"చెబితే నువ్వేమనుకుంటావో అని... నీకేమైనా అయితే అన్న భయంతోనే చేశాను ప్రసూనా, నీ మంచికే..."

"అయిందిగా" అంది.

కర్మల కోసం కాలవకి వెళ్ళినప్పుడు దాన్ని నీళ్ళలో వేసేశాడట. అది కూడా ఆయనే చెప్పాడు, ఆమె అడక్కుండానే. పిండాలు కలిపిన నీళ్ళు. అమ్మ కోసం దోసిలి పట్టిన నీళ్ళు. ఆ నీళ్ళలోనే.

పెళ్ళయిన దగ్గర్నుంచి ఆమె ఆయన్ని ఏమండీ అనే పిలిచింది. పేరెప్పుడూ నోట రాలేదు. ఇప్పుడు వచ్చింది, కొత్తవాళ్ళని పిలిచినట్టు.

"రామ్మూర్తి గారూ. ఒక్కటి చెప్పండి. ఇంట్లో అది పెట్టుకుని, నాకు గొడుగు పట్టి బస్టాండు దాకా ఎందుకొచ్చారు?"



*

ఆ పూట నుంచి ఆమె వేరే గదిలో పడుకుంది. వంట ఇద్దరికీ చేసింది. వడ్డించలేదు.

విశాఖలో ఉద్యోగం చేసుకుంటున్న కూతురు సుస్మితకి ఫోనులో చెప్పింది.  సుస్మిత మెల్లగా, నాన్న చేసింది తప్పే గానీ, ఇన్నేళ్ళయ్యాక ఎందుకమ్మా, ఆయనకి అసలే బీపీ అంది.

"ఇన్నేళ్ళు ఆయనకి అయ్యాయి. నాకు మొన్న అయింది" అంది ప్రసూన. ఫోను పెట్టేసింది.

శౌరయ్య కొత్త రోటర్ తెచ్చాడు. మాట్లాడుతూ మాట్లాడుతూ, చూడకుండానే పెట్టేశాడు. ఆమె ఆ వేళ్ళ వంకే చూసింది. రెండు నిమిషాలు కూడా కాదు.

ఇంజను దగ్గింది. ఆగింది. దగ్గింది... అంటుకుంది. షెడ్డంతా తెల్లటి పొగ. పొగ వరండా దాకా పోయింది. రామ్మూర్తి దగ్గుతున్నాడు. ఆపమని అనలేదు. ఆమె యాక్సిలరేటరు ఇంకా తొక్కింది.

ఇక బ్రేకులు, టైర్లు చూద్దాం, వైపర్లు ఆఖర్న అన్నాడు శౌరయ్య. అవన్నీ నువ్వు చూడు, వైపర్లు నేను చూసుకుంటాను అంది. ఇద్దరూ కాసేపు వాదించుకున్నారు. ఆమే నెగ్గింది.

వైపర్ల కాడలు తుప్పుకి అతుక్కుపోయాయి. కిరసనాయిలు పోసి, నానబెట్టి, అటూ ఇటూ ఆడించి ఊడబెరికింది. రబ్బరు ముట్టుకుంటే పొడి అయిపోయింది. కింద ఉన్న చిన్న మోటారు విప్పితే లోపల గ్రీజు పాతబెల్లంలా గడ్డకట్టి ఉంది. పుల్లతో గీకింది. గరుకు కాగితంతో రుద్దింది. గోళ్ళలోకి నలుపు దిగింది. వాన రేకుల మీద పడుతూనే ఉంది. ఆమె రుద్దుతూనే ఉంది. సుత్తి పక్కనే ఉంది. ఎత్తి ఆ అద్దాన్ని, ఆ వరండాని, ఆ షేవింగు అద్దాన్ని... ఎత్తలేదు. రుద్దింది. సుత్తికి పోవలసిన బలమంతా గరుకు కాగితానికి పోయింది.

రామ్మూర్తి కాఫీ తెచ్చి షెడ్డు గడప మీద పెట్టేవాడు. మీగడ కట్టేది. మళ్ళీ తనే తీసుకెళ్ళేవాడు.

ఒక రోజు తీసుకెళ్ళలేదు. అక్కడే నిలబడ్డాడు. ముసలి ముఖం. గడ్డం సరిగ్గా గీసుకోలేదు.  క్షమించమని అడగబోతున్నాడని ఆమెకి తెలిసింది. ఆ మాట ఆయన నోట రాకుండా వైపరు స్విచ్చి వేసింది.

అద్దం పొడిగా ఉంది. కొత్త రబ్బర్లు కీచుమంటూ కదిలాయి. ఇటు. అటు. ఇటు. ఆ కీచు చప్పుడులో ఆయన ఏదో అన్నాడు. ఆమె స్విచ్చి ఆపలేదు. ఏమన్నాడో ఇప్పటికీ తెలియదు. అడగలేదు.

*

బ్రేకులు, టైర్లు, కారు కాగితాల పని తెమిలేసరికి వానలు ముదిరాయి.

అది ఆదివారం కాదు. ఏదో వారం. మధ్యాహ్నం మబ్బు పట్టి ధారగా కురుస్తోంది. ఆమె చెప్పులేసుకుని, తాళాలు తీసుకుని షెడ్డులోకి వెళ్ళింది. గేటు రామ్మూర్తి తీశాడు. తడుస్తూ తీశాడు.

"నేనూ రానా?" అన్నాడు.

ఆమె ఆయన్ని చూసింది.   గేరు వేసి, ఆయన్ని గేటు దగ్గరే వదిలి, ఒక్కతే కదిలింది.

బందరు రోడ్డు పెద్దదైపోయింది. ఎడాపెడా లారీలు. పక్కన కాలవ, ఎర్రటి నీళ్ళు, గట్టు దాకా నిండి పోతోంది. కంకిపాడు. స్టీరింగు బరువు. మోకాళ్ళు నొప్పి. వైపర్లు ఇటు... అటు... ఇటు. నీళ్ళు తోసేస్తున్నాయి, నీళ్ళు వస్తున్నాయి. ఉయ్యూరు. ఆమె ఎక్కడా ఆగలేదు. రెండు పక్కలా నాట్లు పడుతున్న పొలాలు, నీళ్ళలో వంగిన నడుములు. వెనకాల ఎవరో హారన్ కొట్టారు. తప్పుకోలేదు.

పామర్రు బోర్డు కనపడింది.

ఇదేంటి, అనుకుంది. అప్పుడే?

 కాలేజీలో ఒక క్లాసు చెప్పేంత సేపు. ఇంతేనా. ఇంత దగ్గరా.

ఇన్నేళ్ళూ ఆమె మనసులో పామర్రు చాలా దూరం. అందుకే అందలేకపోయాను అనుకుంది. ఎవరికైనా అంతేలే అనుకుంది. ఆ ఒక్క మాట పట్టుకుని బతికింది. ఇప్పుడు ఆ మాట కూడా లేదు.

అమ్మ ఉన్న మేడ అలాగే ఉంది. కింద ఎరువుల కొట్టు పెట్టారు. పైన కిటికీకి కొత్త రంగు. సీతారావమ్మ గారు పోయి కూడా చాలా కాలమైంది. ఆమె కిటికీ కింద కారు ఆపింది. ఇంజను ఆపలేదు. ఆపితే మళ్ళీ అంటుకుంటుందో లేదో.

కారు చప్పుడు. కిటికీలోకి వినపడేంత చప్పుడు.

అప్పుడు అరిచింది.

అద్దాలన్నీ మూసి ఉన్నాయి. స్టీరింగు రెండు చేతులా పట్టుకుని, నోరంతా తెరిచి అరిచింది. పేరు పెట్టి కాదు. తిట్టూ కాదు. పానా లాగినప్పుడు బయటికి రానిది, వరండాలో రానిది, ఫోనులో రానిది. గొంతు చీరుకుపోయేదాకా. ఎదురుగా వైపర్లు ఇటు, అటు, ఇటు. వాటికేం పట్టలేదు.

ఎరువుల కొట్టులోంచి ఒకావిడ గొడుగు వేసుకుని పరుగున వచ్చింది. పెద్దావిడకి ఒంట్లో బాగాలేదేమో అనుకుంది. అద్దం మీద తట్టింది.

ప్రసూన అద్దం దించింది. వాన లోపలికి కొట్టింది. భుజం తడిసింది. తల రేగింది.

"ఏమైందండీ? ఎవరి కోసం వచ్చారు?"

ఆవిడ గొడుగు కారు మీదికి వంచి పట్టుకుంది. తను తడుస్తోంది.

"గొడుగు తీసేయండమ్మా" అంది ప్రసూన.

ఆవిడకి అర్థం కాలేదు. గొడుగు అలాగే పట్టుకుని, జవాబు కోసం వంగి చూస్తోంది.